ఆయాసం మామూలే అనుకున్నాం

మా బీరువాలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. మా పాప కడుపులో ఉన్నప్పటిది. పొద్దున టిఫిన్ తిన్నాక ఒక గంట, రాత్రి భోజనమయ్యాక ఒక గంట ఎడమవైపు తిరిగి పడుకుని, బిడ్డ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టి అందులో రాసేదాన్ని. 2021 మే 4... పొద్దున 11, రాత్రి 12. మే 7... పొద్దున 10, రాత్రి 12. ఇప్పుడు ఆ పేజీలు తిప్పితే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. బిడ్డ బాగానే ఉంది. బాగా లేనిది నేను! ఆ వారంలో నేను నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నానో మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నేను రాసుకోలేదు, ఎవరూ అడగనూ లేదు.

మాది తెనాలి. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మావారికి ఎరువులు, పురుగుమందుల షాపు. పెళ్లయిన రెండో ఏడు ఒకసారి, నాలుగో ఏడు ఒకసారి కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి ఐదో నెల దాటేసరికి ఇంటిల్లిపాదికీ నా పొట్టమీదే ధ్యాస. అత్తయ్య నన్ను బిందె ఎత్తనిచ్చేది కాదు. మావయ్య రోజూ కొబ్బరిబోండాం తెచ్చేవారు. అమ్మ ఫోన్ చేస్తే మొదటి మాట ‘కదులుతోందా?’ అనే. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లాలనుకున్నారు. అప్పటికి ఊళ్లో కరోనా మళ్లీ మొదలైంది. ‘ప్రాణాల కంటే గాజులు ముఖ్యమా’ అని మావయ్య ఆపించేశారు.

నిజం చెప్పాలంటే కరోనా అంటే నాకు మరీ అంత భయం ఉండేది కాదు. 2020లో మా వీధిలోనే ఒకమ్మాయికి కాన్పుకి ముందు పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. తుమ్ము లేదు, దగ్గు లేదు. పండంటి బిడ్డని కని నాలుగు రోజుల్లో ఇంటికొచ్చింది. వయసులో ఉన్నవాళ్లకి ఏమీ కాదనీ, ముసలివాళ్లే జాగ్రత్తగా ఉండాలనీ అందరం అనుకున్నాం. మేం జాగ్రత్తపడిందల్లా అత్తయ్య, మావయ్యల గురించే. వాళ్లిద్దరికీ టీకా మొదటి డోసు వేయించాం కూడా. గర్భిణులకి అప్పటికి టీకాకి అనుమతి లేదు.

ఏప్రిల్ ఆఖరి వారంలో మావారికి జ్వరం వచ్చింది. షాపుకి రోజూ పదూళ్ల రైతులు వస్తారు కదా, ఎవరి దగ్గర తగిలిందో ఏమిటో! ఆయన మేడమీద గదిలో ఉండిపోయారు. మే 2న నాకూ ఒళ్లు వెచ్చబడింది. మూడో తారీఖున ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీసుకెళ్లారు. ఆరో తారీఖున పాజిటివ్ అని మెసేజ్ వచ్చింది. ఆ మధ్యలోనే, మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండింటికల్లా కర్ఫ్యూ పెట్టారు. నన్ను మామూలుగా చూసే డాక్టరమ్మ క్లినిక్ మూసేసి, ఫోన్‌లోనే మందులు చెబుతున్నారు. పారాసెటమాల్ వేసుకోమన్నారు, కదలికలు చూసుకోమన్నారు. చూసుకుంటూనే ఉన్నాను.

ఐదో రోజుకి జ్వరం తగ్గింది. అమ్మయ్య అనుకున్నాం. కానీ వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి రొప్పు వచ్చేది. మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలెట్టేదాన్ని.

‘ఆయాసంగా ఉందత్తయ్యా’ అన్నాను.

‘కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలేనమ్మా. మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నేను మూడు మెట్లెక్కి నాలుగో మెట్టుమీద కూలబడేదాన్ని. బిడ్డ పెరుగుతోంది కదూ!’ అంది అత్తయ్య, వేడివేడిగా మిరియాల కషాయం చేతికిస్తూ.

ఆమెని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పైకి పెరిగి, ఊపిరితిత్తుల కిందుండే పొరని మీదికి నెడుతుంది. దాంతో ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండాల్సిన గాలికి చోటు తగ్గుతుంది. ఇంకోపక్క ఒంటికి కావలసిన ఆక్సిజన్ మామూలు కంటే ఐదోవంతు పెరుగుతుంది. అంటే రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం అన్నమాట. రోజులు బాగున్నంతకాలం ఎలాగోలా నెట్టుకొస్తుంది. పెద్ద జబ్బు ఏదైనా వచ్చిందంటే సర్దుకోవడానికి చేతిలో మిగులు ఉండదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆరోజు మాత్రం అత్తయ్య మాట విని కషాయం తాగి పడుకున్నాను. ఆవిడకి తెలిసిన ఆయాసం ఒకటే. నాకొచ్చింది రెండోది.

ఎనిమిదో తారీఖు పొద్దున మా వార్డు సచివాలయం నుంచి ఏఎన్‌ఎం అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. తలనుంచి కాళ్లదాకా ఆ తెల్లటి సూటు వేసుకుని, చెమటతో తడిసిపోయి ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి ‘ఎలా ఉన్నారక్కా?’ అంది.

‘బాగానే ఉంది, కదులుతోంది’ అన్నాను.

‘పాప సంగతి కాదక్కా. మీకెలా ఉంది?’

ఏం చెప్పాలో తోచలేదు. ఆ వారంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే. వేలికి ఆక్సీమీటర్ పెట్టింది. ఆ రోజుల్లో బజార్లో దొరకని వస్తువు అది. 92 చూపించింది. గదిలో నాలుగడుగులు నడవమని మళ్లీ పెట్టింది. 89. నన్ను కూర్చోబెట్టి గడియారం చూస్తూ నిమిషంపాటు నా ఛాతీనే చూసింది. ‘ముప్ఫై రెండు సార్లు తీశారక్కా ఊపిరి. ఇరవై లోపు ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్లకి ఆక్సిజన్ 95కి తగ్గకూడదు. ఇప్పుడే బయల్దేరాలి’ అని, అక్కడే నిలబడి 108కి ఫోన్ చేసింది.

మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గరే ఆపేశారు. ‘కోవిడ్ పేషెంట్లని చూస్తాం, గర్భిణుల్ని చూస్తాం... రెండూ ఉన్నవాళ్లని చూడం’ అన్నాడు అక్కడున్నాయన. అంబులెన్స్‌లో పడుకుని ఆ మాట విన్నాను. నవ్వొచ్చింది కూడా. నవ్వడానికి ఊపిరి లేదు. అక్కడినుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాం. కరోనా వచ్చిన గర్భిణులకి ఒక వార్డు కేటాయించారు. ఒక మంచం ఖాళీ అయ్యేదాకా స్ట్రెచర్ మీదే ఆక్సిజన్ పెట్టారు. ఆ మంచం ఎలా ఖాళీ అయిందని నేను అడగలేదు.

ఛాతీకి ఎక్స్‌రే తీయాలన్నారు. మావారు అప్పటికి కోలుకుని నా వెంటే వచ్చారు. ‘కడుపులో బిడ్డకి ఏమైనా అవుతుందేమో మేడమ్’ అన్నారు. డాక్టరమ్మ విసుక్కోలేదు. పొట్టమీద సీసపు కప్పు వేస్తామని, బిడ్డకి తగిలేది లెక్కలోకి రానంత తక్కువని చెప్పారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అన్నప్పుడు మళ్లీ అదే ప్రశ్న. రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద ఇచ్చే సూది అన్నప్పుడు మళ్లీ అదే. మూడోసారికి ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

‘చూడండి బాబూ, బిడ్డకి వేరే ముక్కు లేదు. ఈ అమ్మాయి పీల్చిందే దానికీ అందుతుంది. ముందు ఈ అమ్మాయిని బాగుచేయనివ్వండి. బిడ్డకి ఏమవుతుందోనని మందులు ఆపి, ఆలస్యంగా తీసుకొచ్చినవాళ్లే మాకు దక్కడం లేదు.’

మిగతావాళ్లని బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ పెరుగుతుందట. ముప్ఫై వారాల పొట్టతో బోర్లా ఎలా పడుకోను? ఎడమవైపు ఒత్తిగిల్లి, వీపు వెనక దిండు పెట్టుకుని రాత్రీ పగలూ అలాగే ఉండేదాన్ని. స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగింది. దానికి ఇన్సులిన్ మొదలెట్టారు. గర్భంతో ఉన్నవాళ్లకి రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువట. కాన్పప్పుడు రక్తం పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. కరోనాకీ అదే గుణం. రెండూ కలిస్తే ఊపిరితిత్తుల్లో గడ్డ చేరే ప్రమాదం ఉందని రోజూ ఆ సూది. పొట్టంతా నీలం మచ్చలు. బిడ్డ మాత్రం లోపల తన పాటికి తను తంతూనే ఉంది.

నా పక్కమంచంలో పల్నాడు అమ్మాయి ఉండేది. ఎనిమిదో నెల, రెండో కాన్పు. నన్ను అక్కా అనేది. మాస్కు పక్కకి జరిపి మరీ మాట్లాడేది. సిస్టర్ కేకలేస్తే మళ్లీ పెట్టుకునేది. ‘మా పెద్దోడు నేను కలిపి పెడితేగాని తినడక్కా. ఈ పది రోజులూ ఏం తింటుండాడో’ అనేది. ఆమె కూడా ఇంట్లో ఆరు రోజులు ఆయాసంతో ఉండి వచ్చిందే. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టాడట. నీరసం వల్ల రొప్పు అన్నాడట.

మూడోనాడు రాత్రి ఆమెకి ఆక్సిజన్ ఎంత పెంచినా అందడం లేదు. ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తే తల్లికి ఊపిరి కాస్త సులువవుతుందేమోనని తీసుకెళ్లారు. మగబిడ్డ. బతికాడు. ఆమె వెంటిలేటర్ మీద నాలుగు రోజులుంది. ఐదోరోజు పొద్దున సిస్టర్ వచ్చి పక్కమంచం మీది ప్లాస్టిక్ డబ్బా, దువ్వెన, సెల్ ఛార్జరు ఒక కవర్లో వేసి తీసుకెళ్లింది. నేను గోడవైపు తిరుగుదామనుకున్నాను. కానీ గోడ కుడివైపుంది. నేను ఎడమవైపే పడుకోవాలి. ఆ ఖాళీ మంచాన్ని చూస్తూనే పడుకున్నాను.

ఆ నెలలో అలాంటి మంచాలు దేశమంతా ఉన్నాయని తర్వాత చదివాను. భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు కరోనా సోకిన 1,530 మంది గర్భిణులు, బాలింతల వివరాలు పరిశీలించి 2021 జూన్‌లో బయటపెట్టారు. మొదటి విడతలో జబ్బు లక్షణాలు కనిపించినవాళ్లు నూటికి 14 మందయితే, రెండో విడతలో దాదాపు 29 మంది. మరణాలు మొదటి విడతలో నూటికి ఒక్కటి కూడా లేవు... 0.7. రెండో విడతలో 5.7. అంతకు రెండు నెలల ముందే ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఆధ్వర్యంలో 18 దేశాల్లో 2,130 మంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. కరోనా సోకిన గర్భిణులకి, సోకని గర్భిణులతో పోలిస్తే మరణం ముప్పు 22 రెట్లు ఎక్కువని అందులో తేలింది. లెక్కల టీచర్ని కదా, అంకెలు చూస్తే మామూలుగా భయం వెయ్యదు. ఆ అంకెలు చదివినప్పుడు మాత్రం వాటిలో నాకు పల్నాడు యాస వినిపించింది.

పద్నాలుగు రోజులకి నన్ను ఇంటికి పంపారు. మరో మూడు వారాలకి కాళ్లు వాచాయి, కళ్ల ముందు మిణుగురులు, తలనొప్పి. బీపీ 160 దాటింది. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అంటారే, ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డల్ని తీసుకుపోయేది... దానికి ముందు దశ అన్నారు. నాకు కరోనా వల్లే వచ్చిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఇందాక చెప్పిన 18 దేశాల లెక్కలో కరోనా వచ్చినవాళ్లలో ఈ బీపీ సమస్య ముక్కాలువంతు ఎక్కువగా కనిపించింది. నెలలు నిండకుండా కాన్పులు కూడా ఎక్కువే. నాకూ 36వ వారంలోనే, జూన్ మధ్యలో ఆపరేషన్ చేశారు. పాప రెండు కిలోల రెండొందల గ్రాములు. గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి ఇల్లంతా ఎదురుచూసింది.

కథ ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. ‘తల్లీబిడ్డా క్షేమం’ అని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు పాప చేతిలో డబ్బులు పెట్టి, ముక్కు ఎవరిదో కళ్లు ఎవరివో చెప్పి వెళ్లేవాళ్లు. నాకు పాపని ఎత్తుకుని లేచి నిలబడితే గుండె దడదడలాడేది. దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్లతో ఊడేది. పాల డబ్బాలో ఎన్ని చెంచాలు వేశానో మర్చిపోయి మళ్లీ కలిపేదాన్ని. తల్లిపాలే ఇవ్వాలని, మాస్కు పెట్టుకుని చేతులు కడుక్కుంటే కరోనా ఉన్నప్పుడు కూడా ఇవ్వచ్చని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నాకేమో సరిపడా పడలేదు. రాత్రుళ్లు పాప నిద్రపోతుంటే నాకు ఏడుపొచ్చేది. ఆ పల్నాడు పిల్లాడికి ఎవరు పాలు పడుతున్నారో అని.

‘బంగారంలాంటి బిడ్డ పుట్టింది, ఇంకా ఏడుపేంటే!’ అంది అమ్మ. ఎవరో బాలింత గుణం అన్నారు. దిష్టి తీశారు. చివరికి మూడో నెలలో పాపకి టీకాలు వేయడానికి వెళ్తే అదే ఏఎన్‌ఎం అమ్మాయి కనిపించింది. పాపకి సూది వేసి, కార్డులో రాసి, తలెత్తి ‘మీకెలా ఉందక్కా?’ అంది. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. ఆ అమ్మాయే నన్ను మళ్లీ ఆసుపత్రికి పంపింది. ఊపిరితిత్తుల పరీక్ష, గుండె పరీక్ష, రక్తం తక్కువుంటే మాత్రలు, కొన్నాళ్లు మనసు డాక్టరు దగ్గరికి. మెట్లు ఆగకుండా ఎక్కడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. గర్భంతో ఉండగా బీపీ వచ్చినవాళ్లకి ముందుముందు కూడా వచ్చే అవకాశం ఎక్కువట. అందుకని ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు చూపించుకుంటాను.

ఇంకో మాట చెప్పాలి. మన దేశంలో గర్భిణులకి కరోనా టీకా వేయొచ్చని కేంద్రం ప్రకటించింది 2021 జూలై 2న. అప్పటికి మా పాప పుట్టి మూడు వారాలు కూడా కాలేదు. ఆ వార్త టీవీలో చూస్తూ పక్కమంచం అమ్మాయిని తలుచుకున్నాను. వేయించుకోవాలా వద్దా అని ఆలోచించుకునే అవకాశం కూడా ఆమెకి రాలేదు. అందుకే ఆ సెప్టెంబర్లో మా ఆడపడుచు నాలుగో నెలతో ‘కడుపులో బిడ్డకి ఏమవుతుందో వదినా, కాన్పయ్యాక వేయించుకుంటా’ అంటే నేనొప్పుకోలేదు. నా పొట్టమీద మిగిలిన సూదిమచ్చలు చూపించాను. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. 2022 జనవరిలో మూడో విడత వచ్చినప్పుడు ఆమెకీ కరోనా వచ్చింది. మూడు రోజులు జ్వరం, గొంతునొప్పి. అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది. జనం మాస్కులు ఎప్పుడో పారేశారు. వైరస్ మాత్రం పూర్తిగా పోలేదు. అది కాకపోతే ఫ్లూ ఉంది, న్యుమోనియా ఉంది, రక్తహీనత ఉంది. ఏది వచ్చినా గర్భిణి ఒంట్లో మిగులు తక్కువన్న సంగతి మారదు. నెలలు పెరిగేకొద్దీ మెల్లగా వచ్చి, కాసేపు కూర్చుంటే తగ్గేది మామూలు ఆయాసం. రెండు మూడు రోజుల్లోనే ముంచుకొచ్చి, కూర్చున్నా తగ్గక, వాక్యం పూర్తి చెయ్యనివ్వనిది జబ్బు. ఈ తేడా ఇంట్లో ఒక్కరికి తెలిసినా చాలు. అందుకే ఇదంతా రాశాను.

మొన్న సంక్రాంతికి మా ఎదురింటి కోడలు ఎనిమిదో నెలతో అరిసెలు ఇచ్చి వెళ్దామని వచ్చింది. జలుబు చేసిందట. గుమ్మం ఎక్కి ‘అబ్బ, ఆయాసం పిన్నిగారూ’ అంది నవ్వుతూ. నేను వంటింట్లో ఉన్నాను. అత్తయ్య ఏమంటుందా అని చెవి అటు వేశాను.

‘ఇలా వచ్చి కూర్చో’ అంది అత్తయ్య. ‘మాట్లాడకు. ఒక్క నిమిషం.’

నేను తొంగిచూశాను. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని, గోడ గడియారం వైపు చూస్తూ, వేళ్లు మడుస్తూ ఆ అమ్మాయి ఊపిరి లెక్కపెడుతోంది.